సోమవారం, గురువారం పడిపోయే పెద్దక్క

నమోదు 1. సోమవారం
ఆగకుండా నడిచినది: సున్నా రోజులు. ఎక్కుడు గది బయల్దేరడానికి: 36 రోజులు.

సర్వర్ ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, నేనేం చేశాను అన్నది వరసగా రాసి పంపమని పైనున్న ఆఫీసువాళ్ళు చెప్పారు. సరే, రాస్తాను. కాకపోతే నా రాత నా నోటిలాగే ఉంటుంది. తర్వాత ఎవరూ మొహం చిట్లించుకోవద్దు.

ఇవాళ పొద్దున పది గంటల ఇరవై రెండు నిమిషాలకు పెద్దక్క మళ్ళీ పడిపోయింది. పెద్దక్క అంటే మా సర్వర్. నూట నలభై మీటర్ల నీళ్ళ కింద, లోతుపేటలో కాపురముంటున్న మూడువందల పన్నెండు మందికి గాలి ఎంత పంపాలో, ఏ తలుపు ఎప్పుడు తెరవాలో, నాచు తోటలకు ఎంత వెలుతురివ్వాలో అంతా చూసుకునేది అదే. అది పడిపోతే గాలిపంకాలకు కరెంటు పంచేది ఉండదు, గంట మోగుతుంది. వంతులో ఉన్న పన్నెండు మంది తొక్కుడు గదికి పరిగెత్తి, సైకిళ్ళలాంటి చక్రాలెక్కి తొక్కుతారు. ఆ కరెంటుతో గాలిపంకాలు తిరుగుతాయి. నేను పెద్దక్కను మళ్ళీ లేపేదాకా అలా తొక్కుతూనే ఉండాలి. ఇవాళ నలభై నిమిషాలు తొక్కారు. దిగి వచ్చేటప్పుడు నన్నెవరూ తిట్టలేదు గానీ, ఒక్కొక్కరూ ఆగి నా పొట్ట కేసి చూసి వెళ్ళారు. తిట్టినా బాగుండేది.

నా పేరు గనగళ్ళ నూకరత్నం. సర్వర్ గది నాది. ఏడు నెలలు నిండి ఎనిమిదో నెల వచ్చింది. లోతుపేటలో ఇంతవరకు ఒక్క పురుడూ పోయలేదు. నాదే మొదటిది కావాలని మా ఊరంతా ఆశ. ఆఫీసువాళ్ళు కూడా సరేనన్నారు గానీ ఒక షరతు పెట్టారు. మనుషుల్ని పైకి తీసుకెళ్ళే ఎక్కుడు గది బయల్దేరే రోజుకి సర్వర్ వరసగా ఇరవై ఒక్క రోజులు ఆగకుండా నడిచి ఉండాలి. లేకపోతే నేను ఆ గదిలో కూర్చుని, ఒత్తిడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ ఆరు రోజులు ప్రయాణం చేసి, పైన ఆస్పత్రిలో కనాలి. పసిబిడ్డను రెండేళ్ళు నిండేదాకా కిందికి పంపరు. నా మొగుడు ఎల్లాజీకి నాచు తోటలో పని, ఆరు నెలలకోసారి తప్ప పైకి రాలేడు. మా అత్త అప్పయ్యమ్మ పైన నలభై పురుళ్ళు పోసిన మనిషి, ఇప్పుడు ఆమె చెవులు ఆ ప్రయాణం తట్టుకోలేవు. అంటే బిడ్డనెత్తుకుని పైన రెండేళ్ళు నేనొక్కదాన్నే. తలుచుకుంటేనే గుండె జారిపోతోంది. రాయకూడదనుకున్నాను, రాసేశాను.

ఇంతకు ముందు ఈ పెద్దక్క రెండువందల పన్నెండు రోజులు కన్ను మూయకుండా నడిచింది. అయిదు వారాల నుంచే ఈ జబ్బు.

నమోదు 2. గురువారం
ఆగకుండా: సున్నా రోజులు. మిగిలినవి: 33 రోజులు.

మళ్ళీ. పదీ పదిహేడుకి.

సర్వర్ అడుగున కెర్నెల్ అని ఒకటుంటుంది. మేస్త్రి అనుకోండి. ఏ పని ఎవరికివ్వాలో, ఏ సామాను ఎక్కడ పెట్టాలో అతనే చూస్తాడు. తన లెక్క తనకే పొంతన కుదరకపోతే మేస్త్రి చేతులెత్తేసి కూర్చుంటాడు. తప్పుడు పని చేయించడం కన్నా పని ఆపేయడం నయమని అతని పద్ధతి. దాన్నే కెర్నెల్ పానిక్ అంటారు. అతను కూలబడేటప్పుడు ఆఖరిసారి ఏం చేస్తున్నాడో తెర మీద రాసి పెడతాడు. మాలాంటివాళ్ళకి అదే ఆధారం.

సోమవారం కూలినప్పుడు డిస్కు మీద ఏదో రాస్తున్నాడట. ఇవాళ గడియారం చూసుకుంటున్నాడట. అంతకు ముందుసారి నెట్‌వర్క్ దగ్గర. ప్రోగ్రాములో తప్పుంటే ప్రతిసారీ ఒకే చోట కూలాలి గదా. ఇతనేమో ఎక్కడ పడితే అక్కడ కూలుతున్నాడు. కొత్త కెర్నెల్‌దే దోషమేమోనని మంగళవారమే పాతది ఎక్కించాను. పాత మేస్త్రి కూడా అలాగే కూలాడు.

ఇక మిగిలింది మెమరీ. మేస్త్రి పనిలో ఉండగా అన్నీ గుర్తుపెట్టుకునే పలకలవి. ఆ పలకలో ఒక్క అక్షరం చెడినా లెక్క మొత్తం తారుమారవుతుంది. రేపు పరీక్ష పెడతాను.

ఎల్లాజీకి ఇదంతా చెబితే సాంతం విని, "పెద్దక్కకి కూడా నీలాగే ఏవిళ్ళేమోనే" అన్నాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నవ్వితే రోజంతా అదే జోకు వేస్తాడు.

నమోదు 3. శనివారం
ఆగకుండా: లెక్కలేదు (పరీక్ష). మిగిలినవి: 31 రోజులు.

మెమరీ పరీక్ష పెట్టాలంటే పెద్దక్కను పూర్తిగా పక్కకు తప్పించాలి. పద్దెనిమిది గంటల పాటు ఊరంతా వంతులేసుకుని తొక్కారు. ఆడవాళ్ళు చక్రాల మీదే చేపలవల అల్లారు, మగవాళ్ళు చక్రాల మీదే పేకాడారు. మా అత్త కూడా గంటసేపు తొక్కింది. పక్కనున్నావిడ ఈ వయసులో నీకెందుకప్పయ్యమ్మా అంటే, మనవడు పుట్టాక ఎత్తుకోడానికి కాళ్ళలో బలముండాలి గదా అందట. మనవరాలైతే బలమక్కర్లేదా అని నేనడిగితే, అప్పుడు ఇంకా ఎక్కువ కావాలంది.

ఇంతా చేస్తే పరీక్షలో ఒక్క తప్పూ దొరకలేదు. పలకలు నిక్షేపంగా ఉన్నాయి.

బ్యాటరీ కూడా చూశాను. ఎప్పట్లాగే మూడు నిమిషాలు నిలబడుతోంది. తీరం నుంచి వచ్చే కేబుల్ తెగితే ఆ మూడు నిమిషాలే పెద్దక్కకి ఆయువు. తొక్కుడు కరెంటు పెద్దక్కనూ నిలబెట్టగలదు గానీ, ఖాళీ చక్రాలెక్కి వేగమందుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. అందుకే కేబుల్ పోయిన ప్రతిసారీ పెద్దక్క పడుకోవాల్సిందే. కానీ ఈ అయిదు వారాల్లో కేబుల్ పోలేదు, కాబట్టి దోషం దానిది కాదు.

ఒంట్లో ఓపిక లేదు. అత్త ఇచ్చిన తరవాణి తాగి పడుకున్నాను. అన్నం వార్చిన గంజిని కుండలో పోసి పులియబెడితే అయ్యేది తరవాణి. పుల్లగా, చల్లగా, గొంతు దిగుతుంటే ప్రాణం లేచి వస్తుంది. అయిదారు వారాలుగా నాకు అది తప్ప ఇంకేదీ సయించడం లేదు. పైనుంచి మా డాక్టరుగారు పంపిన పట్టికలో పులియబెట్టినవి తినకూడదని ఉంది. అందుకే అత్తను ఎక్కడిదని నేనడగలేదు, ఆమె చెప్పలేదు. అడిగితే వద్దనాల్సి వస్తుంది.

నమోదు 4. సోమవారం
ఆగకుండా: సున్నా రోజులు. మిగిలినవి: 29 రోజులు.

పదీ ఇరవైకి కూలింది. ఈసారి మేస్త్రి ఏమీ చేయడం లేదట, ఊరికే కూర్చున్నాడట. ఊరికే కూర్చున్నవాడు కూలడమేమిటో నాకర్థం కాలేదు. పలకలన్నీ ఊడబీకి, గుడ్డతో తుడిచి, మళ్ళీ గట్టిగా నొక్కిపెట్టాను. లేచింది.

భోజనాల దగ్గర ఎల్లాజీ ఊరికే అన్నాడు, ఎప్పుడూ సోమవారమో గురువారమో పడుతుందేంటని. నేను ముద్ద అలాగే పట్టుకుని ఉండిపోయాను. పెద్దక్క తనకు తానే రాసుకునే పాత లెక్కలన్నీ తిరగేశాను. పదకొండుసార్లు కూలితే పదకొండుసార్లూ సోమవారం, గురువారమే. అన్నీ పది, పదిన్నర మధ్యలోనే. ఇన్నాళ్ళూ నేను ఎక్కడ కూలిందనే చూశాను గానీ ఎప్పుడు కూలిందని చూడలేదు. ఏ చదువూ లేని నాచు తోటవాడు కనిపెట్టాడు. ఇది నేను అతనితో అనను. మీరూ అనొద్దు.

సోమవారం, గురువారం పొద్దున పదింటికి పెద్దక్క చేసే పని ఒకటే ఉంది. వారంలో రెండుసార్లు మొత్తం సమాచారాన్ని రెండో డిస్కులోకి నకలు తీస్తుంది. ఆ పని ఆపేశాను. దొంగ దొరికాడు.

నమోదు 5. గురువారం
ఆగకుండా: 3 రోజులు. మిగిలినవి: 26 రోజులు.

నమ్మకం లేక పొద్దున తొమ్మిదింటికే సర్వర్ గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పదయింది. పదిన్నరయింది. పదకొండయింది. పెద్దక్క హాయిగా పాటలాంటి మోత చేసుకుంటూ నడుస్తోంది. పదింటప్పుడు అత్త గది ఊడవడానికి వచ్చింది, ఈ గది ఊడ్చే వంతు ఆమెదే. చేతిలో చీపురుతో పాటు మూతపెట్టిన గిన్నె కూడా ఉంటే నాకేదో తెచ్చిందనుకున్నాను. నన్ను చూసి, తర్వాత ఊడుస్తాలే అని గిన్నె ఇవ్వకుండానే వెళ్ళిపోయింది.

పదకొండున్నరకి మైకులో ఊరందరికీ చెప్పేశాను. దొంగను పట్టాను, నకలు పనిలోనే ఉంది తప్పంతా, ఇక తొక్కుడు వంతులు అక్కర్లేదు అని. వంటగదిలో గరిటెలతో పళ్ళేలు వాయించారు. ఎల్లాజీ నన్ను పొట్టతో సహా పైకెత్తబోయి నడుం పట్టేసుకున్నాడు.

నమోదు 6. ఆదివారం
ఆగకుండా: 6 రోజులు. మిగిలినవి: 23 రోజులు.

అంతా బాగుంది. ఒక్క తరవాణి తప్ప. శుక్రవారం నుంచి పలచగా, చప్పగా ఉంటోంది. అత్తతో అంటే ఏదో నసిగి వెళ్ళిపోయింది. చిరాకు పడ్డాను. తర్వాత బాధపడ్డాను. ఈ నెలల్లో నా కోపానికీ ఏడుపుకీ మధ్య అయిదు నిమిషాలు కూడా పట్టడం లేదు.

నమోదు 7. సోమవారం
ఆగకుండా: సున్నా రోజులు. మిగిలినవి: 22 రోజులు.

పదీ ఇరవై నాలుగుకి గంట మోగింది. నేను అప్పుడు భోజనాల హాల్లో కూర్చుని దొంగను ఎలా పట్టానో నాలుగోసారి చెబుతున్నాను. ఈ మాట కూడా రాస్తున్నాను, నాకు అలాగే కావాలి.

పరిగెత్తలేను గనక గబగబా నడిచాను. ఇవాళ నుంచి లెక్కపెడితే సరిగ్గా ఇరవై రెండు రోజులు. ఇవాళ కారణం దొరక్కపోతే గురువారం మళ్ళీ కూలుతుంది, నా కథ అయిపోతుంది. ఎక్కుడు గదిలో నా సీటు నాకు కనిపిస్తోంది.

ఈసారి తెరను చూడలేదు. తిన్నగా పెట్టె విప్పి మెమరీ పలకలు ఊడబీకాను. మూడో పలక కాళ్ళ మీద పలచగా తెల్లటి పొర ఉంది. ఇదివరకు కూడా అలాంటి మరక చూశాను. ఉప్పనుకుని తుడిచేశాను. సముద్రం అడుగున దేని మీదైనా ఉప్పు పడుతుంది, అందులో వింతేముంది. ఇవాళ కూడా తుడిచేసేదాన్నే. కానీ నోరు చప్పబడి ఉంది, పొద్దున్నుంచి ఏమీ సయించలేదు, ఆ తెల్లటి పొర చూస్తే ఉప్పు కల్లు గుర్తొచ్చింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. మొహం చిట్లించకండి, కడుపుతో ఉన్నవాళ్ళు సుద్దముక్కలు కూడా తింటారు.

ఉప్పగా లేదు. పుల్లగా ఉంది.

ఆ పులుపు నాకు తెలుసు. అయిదారు వారాలుగా రోజూ తాగుతున్న పులుపే అది.

పెట్టె చుట్టూ తిరిగి చూశాను. ఏమీ కనబడలేదు. వంగి చూద్దామంటే ఈ పొట్టతో వంగడం ఎప్పుడో మానేశాను. చివరికి అద్దం ఒకటి తెచ్చి కర్రకు కట్టి పెట్టె పక్కన కిందకు దించాను. ఊడ్చే బకెట్టు వెనక, గోడ మూలన, తెల్లగుడ్డ కట్టిన కుండ. మూతి దగ్గర ఇంకా సన్నగా ఆవిరి వస్తోంది.

ఇది ఎలా జరిగిందో పైవాళ్ళ కోసం రాస్తాను. పెద్దక్క ఒళ్ళు వేడెక్కకుండా లోపల ఒక గొట్టంలో చల్లటి సముద్రపు నీరు పారుతుంది. ఆ నీరు వేడెక్కి, పెట్టె కింది మూలనుంచి బయటికి వస్తుంది. ఈ చలి ఊళ్ళో రాత్రీ పగలూ వెచ్చగా ఉండే చోటు ఆ మూల ఒక్కటే. దానికి సరిగ్గా పైనే పెట్టె గాలి పీల్చుకునే జల్లెడ. రోజంతా గోరువెచ్చటి తరవాణి వల్ల ఏమీ కాదు. కానీ కుండలో కాగే గంజి పోసినప్పుడు ఆవిరి గుప్పున లేచి జల్లెడలోంచి లోపలికి పోతుంది. చల్లటి గొట్టానికి తగిలి చుక్కలవుతుంది. ఒక్క చుక్క జారి మూడో పలక మీద పడుతుంది. మేస్త్రి ఆ క్షణంలో ఏ పనిలో ఉంటే ఆ పనిలోనే కూలతాడు. నేను వచ్చి పెట్టె తెరిచేసరికి పంకా గాలికి చుక్క ఆరిపోయి ఉంటుంది. పొర ఒక్కటే మిగులుతుంది.

కాగే గంజి సోమవారం, గురువారమే ఎందుకంటే, ఉమ్మడి వంటగదిలో ఆ రెండు రోజులే మా అత్త వంతు. మిగతావాళ్ళు కుక్కర్లో వండేస్తారు, గంజి ఉండదు. అత్త ఒక్కతే పెద్ద గిన్నెలో ఎసరు పెట్టి గంజి వారుస్తుంది. పదింటికి వారుస్తుంది. మెమరీ పరీక్ష శుక్రవారం పెట్టాను, ఏం దొరుకుతుంది. మొన్న గురువారం నేను గదిలోనే కూర్చున్నాను, ఆమె గంజి గిన్నెతో వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. పెద్దక్క పడలేదు, నా తరవాణి చప్పబడింది.

అత్తను పిలిచాను. వచ్చి, నా చేతిలో అద్దం కర్ర, ఊడబీకిన పలకలు చూసి, నా మొహం చూసి, మొత్తం అర్థం చేసుకుంది.

"నీ నోటికి ఏటీ రుచి నేదని సెప్పినావు గదమ్మా," అంది నెమ్మదిగా. "ఈ సలిలో కుండ పులుత్తాదేటి? ఆ మూల గోరెచ్చగుంటాదని ఎట్టినాను. ఆ పెట్టికి ఆవిరి తగిలితే సచ్చిపోద్దని నాకెవులు సెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. నిజమే. గది ఊడవమన్నాం గానీ గది ఎందుకు జాగ్రత్తగా చూసుకోవాలో ఆమెకు ఎవరం చెప్పలేదు. నేను మిషన్‌ని వంద ప్రశ్నలడిగాను. పొద్దున్నే గ్లాసు చేతికిచ్చే మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు.

పదీ యాభై రెండుకి పెద్దక్క లేచింది. ఆ నిమిషం నుంచి లెక్క మొదలు.

నమోదు 8. మంగళవారం
ఆగకుండా: 1 రోజు. మిగిలినవి: 21 రోజులు.

పైనుంచి డాక్టర్ వసుంధరాదేవిగారు తెర మీదకు వచ్చారు. నా పురుడు విషయం తేల్చేది ఆవిడే. నిన్నటి నమోదు చదివారు. సర్వర్ గదిలో తినే వస్తువు పెట్టినవారి పేరు విడిగా రాయాలని, అలాంటివారికి ఆ గదిలోకి మళ్ళీ ప్రవేశం ఉండదని, నియమం అదని చెప్పారు. పేరు రాశాను: గనగళ్ళ నూకరత్నం. పులుపు నాది, అడగకపోవడం నాది, గది నాది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వు దాచుకోవడానికే అనుకుంటాను. తర్వాత కచ్చితంగా చెప్పారు.

"చూడమ్మా, ఎక్కుడు గది మంగళవారం ఉదయం బయల్దేరుతుంది. ఈలోపు సర్వర్ ఒక్క క్షణం ఆగినా, కారణం ఏదైనా సరే, మీరు పైకి రావాల్సిందే. తుపాను వల్ల ఆగిందన్నా నేను వినను. బిడ్డకి కారణాలతో పని లేదు, గాలి కావాలి."

ఆవిడ మాటలో తప్పులేదు.

ఇంటికొచ్చేసరికి అత్త కుండ పట్టుకుని చెత్తగొట్టం దగ్గర నిలబడి ఉంది. మా ఊరు సముద్రంలో కలిసిపోయే ముందు ఆమె ఇంట్లోంచి తెచ్చుకున్నవి మూడే మూడు. పెళ్ళినాటి చీర, బొడ్డుకోసే కత్తి, సీసాలో ఇంత తరవాణి. వాళ్ళత్త చేతి నుంచి వచ్చిన కుండ తాలూకు పులుపు అది. దాన్ని పారబోయడానికి నిలబడింది. కుండ చేతిలోంచి లాక్కున్నాను. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అయిదు నిమిషాలకి ఇద్దరం దీన్ని ఎక్కడ వెచ్చగా పెట్టాలా అని ఆలోచిస్తున్నాం.

వెచ్చటి చోటు ఇంకొకటి ఉంది. తొక్కుడు గదిలో చక్రాలన్నీ తిప్పే పెద్ద డైనమో. ఎవరైనా తొక్కుతుంటే దాని పైడొప్ప గోరువెచ్చగా ఉంటుంది. కుండకి దుప్పటి చుట్టి దాని మీద పెట్టాం. ఎల్లాజీ పని నుంచి వచ్చి గంటసేపు తొక్కాడు. మొగుడు నా పులుపు కోసం చెమటోడుస్తుంటే చూడ్డం ఎంత బాగుందో చెప్పలేను.

నమోదు 9. గురువారం
ఆగకుండా: 10 రోజులు. మిగిలినవి: 12 రోజులు.

పదీ ఇరవైకి గదిలో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. అత్త వంటగదిలో గంజి వార్చి, తొక్కుడు గదికి పట్టుకెళ్ళింది. పెద్దక్క కదల్లేదు. ఇక గురువారాలకు భయపడక్కర్లేదు.

ఒక కొత్త సంగతి. పొద్దున, సాయంత్రం చెరో గంట తొక్కితే చాలనుకున్నాం. కానీ ఊళ్ళోవాళ్ళు మానడం లేదు. ఆపద లేకుండా, గంట మోగకుండా, ఊరికే కూర్చుని తొక్కుతూ మాట్లాడుకోవడం అందరికీ ఎక్కేసింది. పైగా కుండ మీద ఆశ. తరవాణి అని తెలిశాక ముసలివాళ్ళందరికీ తమ తమ ఇళ్ళ కుండలు గుర్తొచ్చాయి. గంట తొక్కినవాళ్ళకి ఒక చిన్న గ్లాసు అని అత్త పెట్టింది. ఇప్పుడు కుండలు మూడయ్యాయి. ఏ వేళకెళ్ళినా నలుగురైదుగురు చక్రాల మీదే ఉంటున్నారు. వంతుల పట్టిక గోడ మీద రాశారు. ఒకరి వంతు ఇంకొకరు కాజేశారని నిన్న చిన్న తగువు కూడా అయింది.

నమోదు 10. ఆదివారం
ఆగకుండా: 20 రోజులు. మిగిలినవి: 2 రోజులు.

నిన్నటి నుంచి పైన తుపాను. పొద్దున రేడియోలో చెప్పారు, తీరంలో స్తంభాలు పడిపోతున్నాయట. మాకు ఇక్కడ అల కూడా తెలీదు. తెలిసేది కేబుల్ ఒక్కటే.

బ్యాటరీ మూడు నిమిషాలు, చక్రాలు పది నిమిషాలు. ఆ ఏడు నిమిషాల తేడాకి నా దగ్గర మందు లేదు. ఎల్లాజీకి చెప్పాను. అతను తొక్కుడు గదికెళ్ళి చెప్పాడు. ఆ తర్వాత ఆ గదిలో ఒక్క చక్రం కూడా ఖాళీగా లేదు. నాలుగు చక్రాలు తిరిగే చోట పన్నెండూ తిరిగాయి. దిగేవాడు దిగకముందే ఎక్కేవాడు పక్కన నిలబడ్డాడు.

సాయంత్రం నాలుగూ ఏడుకి దీపాలు ఒక్కసారి ఎర్రబడ్డాయి. తెర మీద ఒకే ఒక్క వాక్యం వచ్చింది: బయటి కరెంటు లేదు. నేను పెద్దక్క పెట్టె మీద చేయి వేసి నిలబడ్డాను. పొట్టలో బిడ్డ ఒక్క తన్ను తన్నింది. బ్యాటరీ ముల్లు దిగడం మొదలుపెట్టింది. తొంభై. ఎనభై. డెబ్భై. అవతలి గదిలోంచి మా అత్త గొంతు వినిపించింది, వెనకటి రోజుల్లో పడవ ఒడ్డుకు లాగేటప్పుడు వేసే కేక. పన్నెండు మంది ఒకే ఊపున బదులు పలికారు. అరవై దగ్గర ముల్లు ఆగింది. తర్వాత మెల్లగా పైకెక్కడం మొదలుపెట్టింది.

వేగమందుకోవాల్సిన పని లేకపోయింది. చక్రాలు పన్నెండు రోజులకు పైగా తిరుగుతూనే ఉన్నాయి గదా.

అయిదు గంటల ఇరవై నిమిషాల తర్వాత కేబుల్ తిరిగొచ్చింది. పెద్దక్క ఒక్క క్షణం కూడా ఆగలేదు. నేను వెళ్ళి తొక్కుడు గది గుమ్మంలో నిలబడి అందరికీ దణ్ణం పెట్టబోయాను. చెమటలు కారుతున్న మా అత్త చక్రం దిగకుండానే, "గుమ్మంలో నిలబడకమ్మా, గాలాడ్డం నేదు," అంది.

నమోదు 11. మంగళవారం
ఆగకుండా: 21 రోజులు, 22 గంటలు.

నిన్న పదీ యాభై రెండుకి ఇరవై ఒక్క రోజులు నిండాయి. డాక్టరుగారు లెక్క చూశారు. తుపాను గంటల్లో ముల్లు ఎక్కడ ఆగిందో కూడా అడిగారు. చూపించాను. తర్వాత అనుమతి కాగితం మీద సంతకం చేసి, పురుడు రోజున తెర దగ్గరే కూర్చుంటానన్నారు. పులియబెట్టినవి పట్టికలోంచి కొట్టేస్తానని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు. ఈ ఒక్క అలవాటూ నాకింకా పోలేదు.

ఇవాళ ఉదయం ఎక్కుడు గది వెళ్ళింది. నా సీటులో ఎండు నాచు మూట ఒకటి కూర్చుంది.

నమోదు 12. ఆదివారం
ఆగకుండా: 48 రోజులు.

సర్వర్ విషయంలో రాయడానికేమీ లేదు. జల్లెడకు కొత్త మూత బిగించాను. గది ఊడ్చేవాళ్ళందరికీ, ఊడవనివాళ్ళకీ కూడా, ఆ గది ఎందుకు పొడిగా ఉండాలో చెప్పాను. అత్తకు రెండుసార్లు చెప్పాను, మూడోసారి ఆమే నాకు చెప్పింది.

ఆడపిల్ల. తొమ్మిది రోజులైంది. రెండు కిలోల తొమ్మిదివందల గ్రాములు. అత్త చేతుల్లోకి వచ్చింది, నలభై ఒకటో పురుడు. తెర అవతల డాక్టరుగారు ఏం చెప్పబోయినా అత్త అప్పటికే అది చేసేసి ఉండేది.

అయితే కొత్త సమస్య వచ్చింది. పిల్ల పడుకుంటుంది, ఇరవై నిమిషాలకో గంటకో ఉలిక్కిపడి లేచి ఏడుస్తుంది. అలవాటు కొద్దీ టైములు రాశాను. సోమవారం లేదు, గురువారం లేదు, వరస లేదు. పాలు చూశాను, గుడ్డ చూశాను, చీమేమైనా కుట్టిందా చూశాను, ఇక్కడ చీమలే లేవని తర్వాత గుర్తొచ్చింది. ఎల్లాజీ పాట పాడాడు, ఇంకా గట్టిగా ఏడ్చింది. ఎనిమిది రోజులు నిద్ర లేదు. చివరికి నిన్న అత్తనే అడిగాను. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది నాకు.

అత్త పిల్లను ఎత్తుకుని తిన్నగా తొక్కుడు గదికి తీసుకెళ్ళింది. డైనమో పక్కన, తరవాణి కుండల పక్కన, దుప్పటి మడత మీద పడుకోబెట్టింది. వెచ్చదనం, సన్నటి మోత. పిల్ల ఒకసారి మూతి తిప్పి, కళ్ళు మూసుకుంది. ఒక గంట. రెండు గంటలు. నేను పక్కనే గోడకు చేరగిలబడి నిద్రపోయానట.

ఇప్పుడు కళ్ళు తెరిచేసరికి నాలుగో వంతువాళ్ళు తొక్కుతున్నారు. పిల్ల ఇంకా నిద్రలోనే ఉంది. చక్రాలు ఆగితే లేస్తుందట, ఒకసారి ఆపి చూశారట. అందుకని ఎవరూ ఆపడం లేదు.